ఐదో తీగ

"ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి."

వెంకట్రాజం చెయ్యి గాలిలోనే ఆగింది. వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన తడి ఇంకా ఆరలేదు. కంప్యూటర్ ముందు కూచుని రెండు నిమిషాలు కాలేదు. అప్పుడే ఆర్డరు.

"రిపేరంటే డబ్బా విప్పాలె గద మేడం," అన్నాడు.

"రోగమేందో అడుగకుండనే కడుపు కోసే డాక్టర్ను ఎక్కడన్న చూసిన్రా?"

పడక్కుర్చీలో ఉన్న సాంబయ్య సారు పేపరు చాటున కిసుక్కున నవ్వాడు. వెంకట్రాజానికి చెవులు వేడెక్కాయి. హనుమకొండ చౌరస్తాలో రాయమల్లు నడిపే ఎలక్ట్రానిక్స్ షాపులో అతనే పెద్ద మెకానిక్కు. రేడియో చెడినా, టీవీ చెడినా, ఈమధ్యే ఊళ్లోకి వస్తున్న కంప్యూటర్ చెడినా జనం అతని పేరే చెప్తారు. నర్సంపేట దగ్గర పల్లెలో నాగలి పట్టే ఇంటినుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్లవాడికి అది చిన్న పేరు కాదు. అట్లాంటివాడిని ఈ పిల్ల, జడలో పెన్సిలు గుచ్చుకుని, తలుపుకు ఆనుకుని నిలబడి పాఠం చెప్తోంది!

"సరే. రోగమేందో మీరే చెప్పున్రి," అన్నాడు స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి.

ఆ పిల్ల పేరు సుగుణ. సాంబయ్య సారు ఒక్కగానొక్క కూతురు. సారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. సుగుణ హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి వచ్చింది. ఆమెకు చదువు చెప్పిన ప్రొఫెసరే ఈ మిషన్ పంపించాడు. అప్పటికి 1987 జులై. ఇంట్లో కంప్యూటరంటే వాళ్లుండే కుమార్‌పల్లి మొత్తానికి అదొక్కటే. అందులోనూ అందరికీ తెలిసిన రకం కాదు, యూనిక్స్ జాతిది. రంగులుండవు, బొమ్మలుండవు. నల్ల తెర మీద ఒక ఆకుపచ్చ గీత మిణుకుమిణుకుమంటూ, చెప్పు చేస్తానన్నట్టు ఎదురుచూస్తుంటుంది.

"పొద్దున్నుంచి ఫ్లాపీ చదువుతలేదు. తప్పు ప్రోగ్రాంలో లేదు, నేను చూసిన," అంది సుగుణ.

"అంటే తప్పు నాదాన్ల ఉన్నట్టే గద. ఇప్పుడన్న విప్పనిస్తరా?"

విప్పాడు. ఫ్లాపీ పెట్టే మూతి లోపల చూసి నోరు తెరిచాడు. లోపలంతా ఎర్రగా, పచ్చగా పొడి.

"మేడం, దీనికి పసుపు కుంకుమ ఎవలు పెట్టిన్రు?"

వంటింట్లోంచి సుగుణ తల్లి కళావతమ్మ వచ్చింది. "నేనే పెట్టిన కొడుకా. శుక్రారం గద! కొత్త మిషినికి బొట్టు పెట్టకుంటె ఎట్ల?"

సుగుణ తల పట్టుకుంది. వెంకట్రాజం నవ్వు ఆపుకోబోయాడు. ఆమె వైపు చూసేసరికి ఆమె కూడా ఆపుకుంటూ కనిపించింది. అంతే, ఇద్దరూ ఒక్కసారే పగలబడి నవ్వారు. బయట వాన, లోపల నవ్వు. ఆ చూపులో ఏముందో అతనికి తెలియలేదు గానీ, దూదితో కుంకుమ తుడుస్తూ తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు.

ఆ మిషన్ వాళ్లింటికి ఊరికే రాలేదు. జిల్లాల్లోని కంప్యూటర్లను ఫోను తీగ మీద హైదరాబాద్‌తో కలపాలని ప్రొఫెసరు ప్రయత్నం. వరంగల్‌కు ఒకటి, ఇంకో జిల్లాకు ఒకటి పంపించాడు. పంద్రాగస్టులోపల ఎవరి లింకు ముందు కుదురుతుందో, ఎవరు ఒక పెద్ద ఫైలును మధ్యలో తెగకుండా పంపిస్తారో, వాళ్లకు ప్రాజెక్టులో ఉద్యోగం. ముందు ఆరునెలలు హైదరాబాద్‌లో ట్రైనింగు.

సుగుణ పంపబోయే ఫైలు కూడా ఏదో ఒకటి కాదు. సాంబయ్య సారు ముప్పై ఏళ్లుగా గ్రహణాల లెక్కలు చేత్తో వేస్తున్నాడు. నోటు పుస్తకాలు నిండిపోయాయి. వాటన్నింటినీ ఆమె ప్రోగ్రాంగా రాసింది.

"బాపు లెక్కలు వరంగల్ల పుట్టినయ్. ఫోన్ల హైదరాబాద్ పోవాలె," అనేది.

మోడెమ్ అనే చిన్న పెట్టె ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య కూచుని, ఒకదాని మాట ఇంకొకదానికి చెప్తుంది. అది నంబరు తిప్పేది, అవతలి మోడెమ్‌తో కీచుమని కూత కలిపేది, హైదరాబాద్ కంప్యూటర్ పేరడిగేది. సుగుణ పేరు చెప్పేది. ఫైలు పంపడం మొదలుపెట్టేది. అర నిమిషం బాగా పోయి, తర్వాత అక్షరాలు గల్లంతయ్యేవి. లింకు తెగిపోయేది. ప్రతిసారీ అంతే.

అందుకోసం వెంకట్రాజం రోజూ రావాల్సొచ్చింది. షాపులో నాలుగింటికి సైకిలు తీసేవాడు.

"వచ్చిన్రా హార్డ్‌వేర్ గారూ?"

"వచ్చిన సాఫ్ట్‌వేర్ గారూ. ఇయ్యాల మీ ప్రోగ్రాం ఏమంటాంది?"

"మీ తీగలే సక్కగ లేవంటాంది."

ఆమె అతనికి యూనిక్స్ నేర్పింది. ఫైళ్ల పేర్లెట్లా చూడాలో, ఆగిపోయిన పనిని ఎట్లా చంపాలో చెప్పింది. అతను ఆమెకు సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ నేర్పాడు. మొదటిరోజే వేలు కాల్చుకుని, "ఇంత చిన్న పనికి ఇంత మంటనా!" అంది. అతను పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాడు. వారం తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

ఆగస్టు రెండో తారీఖున ఆమె మేడ మీద ఆరేసిన బట్టలు వానకు తడుస్తున్నాయని పరుగెత్తింది. వెంకట్రాజం ఒక్కడే ఉన్నాడు. మోడెమ్ కేబుల్ చివరనున్న తొడుగు విప్పి, మీటరు పెట్టి ఒక్కో తీగా చూడసాగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోదాని దగ్గర ముల్లు కదల్లేదు.

ఐదో తీగ మోడెమ్ దగ్గరినుంచి కంప్యూటర్‌కు 'జర ఆగు' అని చెప్పే తీగ. అది లోపలే విరిగింది. ఆగమన్న మాట అందక కంప్యూటర్ గబగబా అక్షరాలు పోస్తూనే ఉంది, మోడెమ్ మింగలేక కక్కేస్తోంది. దొరికింది! చుక్క సీసం పెడితే ఐదు నిమిషాల పని.

"సుగుణా!" అని పిలవబోయాడు.

పిలవలేదు.

లింకు కుదిరితే ఆమె హైదరాబాద్ పోతుంది. రేపో ఎల్లుండో పోతుంది. నాలుగింటికి సైకిలు తీయడానికి ఇంక ఇల్లుండదు. పంద్రాగస్టుకు ఇంకా పదమూడు రోజులున్నాయి కదా, పది రోజులు పోయాక చేస్తే మాత్రం ఏం కొంప మునుగుతుంది అనుకున్నాడు. పన్నెండో తారీఖున చేద్దాం. ఈ పది రోజుల్లో మనసులో మాట చెప్పేద్దాం.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అతను తొడుగు మళ్లీ బిగించాడు.

"ఏమన్న దొరికిందా?" తడిసిన బట్టలు గుండెలకు హత్తుకుని, ఆయాసపడుతూ అడిగింది సుగుణ.

"లే," అన్నాడు.

ఆ పది రోజులూ అతని జీవితంలో అన్నింటికంటే మంచి రోజులు. అన్నింటికంటే చెడ్డవి కూడా అవేనని తర్వాత తెలిసింది. కళావతమ్మ మక్క గారెలు చేసి పెట్టేది. సాంబయ్య సారు రాబోయే గ్రహణం ఎప్పుడో చెప్పి, "నీ పెండ్లి దాని ముందటనా, తర్వాతనా?" అని ఆటపట్టించేవాడు. సుగుణ కిటికీ దగ్గర నిలబడి చెయ్యి బయటపెట్టి వాన పట్టేది. మనసులో మాట మాత్రం అతని నోటిదాకా వచ్చి, రోజూ రేపటికి వాయిదా పడేది.

ఆమె కళ్లకింద నల్లబడటం అతను చూశాడు. చూడనట్టున్నాడు.

"తప్పు నాదాన్లనే ఉన్నది వెంకట్రాజం. నీ తీగలన్నీ మంచిగనే ఉన్నయ్ గద. నేనే ఏదో లైను తప్పు రాసిన. దొరుకుతలేదు," అనేది.

"దొరుకుతది తీ. ఫికర్ చెయ్యకు," అనేవాడు.

పదకొండో తారీఖు పొద్దున పట్టిన ముసురు ఆగలేదు. పన్నెండున అతను సోల్డరింగ్ ఐరన్ చేతిసంచిలో పెట్టుకుని, మొత్తం తడిసి వాళ్లింటికి చేరాడు. ఇవాళ పని చేసేద్దాం, ఇవాళే చెప్పేద్దాం అనుకుంటూ మెట్లెక్కాడు.

సుగుణ ఫోను రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని కూచుని ఉంది.

"ఫోను సచ్చిపోయింది," అంది. "సందు మూలకున్న యాపచెట్టు తీగ మీద పడ్డదట."

పదమూడు పోయింది. పద్నాలుగు పోయింది. పంద్రాగస్టు నాడు బడి పిల్లలు జెండాలు పట్టుకుని గొడుగుల కింద పోతుంటే, సుగుణ ఉలుకూ పలుకూ లేని ఫోను ముందు కూచుంది. పదిహేడున లైను వచ్చింది. ఇరవైన ప్రొఫెసరు ఉత్తరం వచ్చింది. రెండో జిల్లావాళ్ల లింకు పద్నాలుగునే కుదిరింది. ఉద్యోగం వాళ్లకే. మిషన్‌ను నెలాఖరులోపల వాపస్ పంపించాలి.

ఆమె ఏడవలేదు. ఉత్తరం మడిచి తండ్రి చేతికిచ్చింది. సాంబయ్య సారు రెండుసార్లు చదివి, తన గ్రహణాల పుస్తకాలన్నీ బీరువాలో పెట్టాడు.

మిషన్‌ను పెట్టెలో సర్దడానికి వెంకట్రాజాన్నే పిలిచారు. వాకిట్లోనే కళావతమ్మ అతన్ని ఆపింది.

"కొడుకా, ఒక మాట. మీ అమ్మ బక్కమ్మది మా మేనత్త వాళ్ల ఊరేనట గద. ఆమెను ఒకపాలి తోలుకరా. మా సార్ కూడ సరే అన్నడు. పిల్లను అడిగిన. కాదనలేదు."

ఏ మాట వినాలని రెండు నెలలు గుటకలు మింగాడో, ఆ మాట అతని కాళ్లకింద నేలను లాగేసింది. లోపలికి పోయాడు.

సుగుణ గడ్డి పరిచిన చెక్కపెట్టె పక్కన కూచుని ఉంది. అతన్ని చూసి తల దించుకుని నవ్వింది. ఆ నవ్వులో సిగ్గుంది. వారం రోజుల తర్వాత వచ్చిన మొదటి నవ్వు అది.

"అమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

"ఏమనవేంది? ఈ మిషిన్ నాకు ఏం ఇయ్యకున్న, నిన్ను ఇచ్చింది. గదే సాలనుకున్న."

ఊరుకుంటే బతుకంతా గడిచిపోతుంది. ఎవరికీ తెలియదు. కేబుల్ పెట్టెలోకి పోతుంది, పెట్టె హైదరాబాద్ పోతుంది. వెంకట్రాజం ఆమె ముఖంలోకి చూశాడు. ఈ ముఖాన్ని రోజూ చూస్తూ రోజూ అబద్ధం చెప్పాలి అనుకున్నాడు. అతనివల్ల కాలేదు.

"సుగుణా, తప్పు నీదాన్ల లేకుండె," అన్నాడు. "కేబుల్ల ఐదో తీగ ఇరిగి ఉండె. నాకు రెండో తారీఖే దొరికింది."

ఆమెకు మొదట అర్థంకాలేదు.

"రెండో తారీఖు అంటే?"

"నువ్వు బట్టలు తేనీకి మేడ మీదికి పోయినవు సూడు... ఆ రోజు. అతికిస్తె నువ్వు పోతవని భయపడ్డ. పన్నెండున చేద్దామనుకున్న. వాన..."

"వాన మీద పెట్టకు."

సుగుణ లేచింది. అలమారలోంచి ఒక నోటు పుస్తకం తీసి అతని ముందు పెట్టింది. ప్రతి ప్రయత్నమూ తారీఖుతో రాసుకున్న పుస్తకం. ఆగస్టు రెండునుంచి పదకొండుదాకా నలభై మూడు ప్రయత్నాలు. ప్రతిదాని కిందా ఒకే మాట: 'నా తప్పు ఎక్కడ?' ఆఖరి పేజీల్లో అక్షరాలు వంకరపోయాయి.

"గివన్నీ రాస్తుంటె నువ్వు నా పక్కనే కూసున్నవ్ గద, వెంకట్రాజం," అంది. అరవలేదు. అరిస్తే బాగుండేదని అతనికి అనిపించింది. "నువ్వు రమ్మంటె రానా? ఉండుమంటె ఉండనా? హైదరాబాద్ ఎంత దూరమున్నది? కాజీపేటల రైలెక్కితె సాయంత్రానికి వస్తవ్. ఒక్క మాట అడుగకపోతివి."

అతను పుస్తకం మూసి ఆమె వైపు జరిపాడు.

"ఐరన్ తెచ్చినవా?"

"సంచిల ఉన్నది."

"అతికియ్యి."

"ఇప్పుడెందుకు సుగుణా..."

"అతికియ్యి. నేను చూడాలె."

తొడుగు విప్పి అతికించాడు. నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది. ఆమె మిషన్‌ను మళ్లీ బల్ల మీద పెట్టి, మోడెమ్ తగిలించి, నంబరు తిప్పింది. కూత కలిసింది. హైదరాబాద్ పేరడిగింది. పేరు చెప్పింది. ఫైలు పోసాగింది. అర నిమిషం, నిమిషం, రెండు. సాంబయ్య సారు ఆ చప్పుడు విని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నాలుగు నిమిషాలకు తెర మీద ఆకుపచ్చ గీత కొత్త వరుసలోకి వచ్చి నిలిచింది. ఒక్క అక్షరం గల్లంతు కాలేదు. సారు ముప్పై ఏళ్ల గ్రహణాలు చెక్కుచెదరకుండా హైదరాబాద్ చేరాయి, ఎవరికీ అక్కర్లేని రోజున.

"పోయింది," అంది సుగుణ. అప్పుడు ఏడ్చింది. "ఇగ నువ్వు పో."

తల్లిదండ్రులకు ఆమె కారణం చెప్పలేదు. ఈ సంబంధం వద్దు అని మాత్రమే అంది. మరునాడు వెంకట్రాజం తానే పోయి సాంబయ్య సారు ముందు నిలబడి అంతా చెప్పాడు. సారు చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"లెక్క తప్పుతె దిద్దుకోవచ్చు," అన్నాడు. "తప్పని తెలిసి తప్పు జవాబు రాసినోనికి నేనేం చెప్పాలె?" అని లోపలికి పోయాడు.

వెంకట్రాజం అక్కడితో ఆగలేదు. హైదరాబాద్ పోయి, ప్రొఫెసరు గది బయట ఒక పూటంతా నిలబడి ఆయనకూ చెప్పాడు. తప్పు అమ్మాయిది కాదు, నాది సార్ అన్నాడు. ఆయన అతన్ని ఎగాదిగా చూసి, ఆ ఉద్యోగం ఇంక రాదనీ, డిసెంబర్‌లో ఇంకో ఉద్యోగానికి పరీక్ష ఉందనీ, సుగుణను రాయమని ఉత్తరం వేస్తాననీ అన్నాడు. సుగుణ రాసింది. నెగ్గింది. సంక్రాంతి పోయాక హైదరాబాద్ వెళ్లిపోయింది. ఆ ఉత్తరం ఎట్లా వచ్చిందో ఆమెకు ఎవరన్నా చెప్పారో లేదో అతనికి తెలియదు.

తర్వాత రెండు వానాకాలాలు పోయాయి. అతని తల్లి సంబంధాలు చూస్తూనే ఉంది. వెంకట్రాజం ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూనే ఉన్నాడు.

1989 సెప్టెంబర్‌లో ఒకరోజు రాయమల్లు అన్నాడు, "వెంకట్రాజం, హంటర్ రోడ్డు దిక్కు కొత్తగ కంప్యూటర్ సెంటర్ పెట్టిన్రట. హైదరాబాద్ లింకు కలుస్తలేదట. నీ పేరు చెప్పి మరీ పిలిసిన్రు."

పోయాడు. గదిలో సుగుణ ఉంది. నూలు చీర, కళ్లద్దాలు. జడలో పెన్సిలు లేదు.

"రండి. బాగున్నరా?" అంది.

'రండి' అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"బాగున్న మేడం. సారు, అమ్మ బాగున్నరా?"

"బాగున్నరు. లింకు పెట్టమని మా ఆఫీసోళ్లు పంపిన్రు. నిన్నటిసంది కలుస్తలేదు. రాత్రికి నేను వాపస్ పోవాలె. కాదంటె రెండు మూడు రోజులు ఉండైనా చేయించుకొని పోత. ఎన్ని రోజులు పడుతదో మీరే చెప్పాలె."

వెంకట్రాజం మోడెమ్‌ను తిప్పి వెనక చూశాడు. ఒక్క చూపులోనే కనిపించింది. మోడెమ్‌కు వెనక రెండు సాకెట్లుంటాయి. ఒకటి బయటినుంచి వచ్చే లైనుకు, ఒకటి ఫోనుకు. ఎవరో ఒకదాని తీగ ఇంకోదాంట్లో గుచ్చారు.

ఆమె అతన్నే చూస్తోంది. మూడు రోజులు. మూడు రోజులు ఈ గదిలో, ఆమె ఎదురుగా. అడిగేవాళ్లు లేరు.

"ఐదు నిమిషాల పని మేడం," అన్నాడు. "తీగలు అటుదిటు పెట్టిన్రు. గంతే."

మార్చి పెట్టాడు. నంబరు తిప్పాడు. కూత కలిసింది.

సుగుణ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నాకు నిన్ననే తెలుసు," అంది మెల్లగా. "నేను గింత దానికి మెకానిక్కును పిలుస్తనా? మార్చకుండ అట్లనే ఉంచిన. నువ్వేం చెప్తవో వినాలని."

'నువ్వు' అంది. అతను తల ఎత్తలేకపోయాడు.

"నాకు పెండ్లి కుదిరింది, వెంకట్రాజం. మా ఆఫీసులనే పనిచేస్తడు. మంచోడు. మాఘమాసంల ముహూర్తం."

"మంచిది," అన్నాడు. ఆ మాట నిజం కావాలని గట్టిగా కోరుకుంటూ అన్నాడు.

"ప్రొఫెసర్ సార్ దగ్గరికి నువ్వు పోయిన సంగతి మొన్ననే తెలిసింది. సారే చెప్పిండు." ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మందాకా పోయి ఆగింది. "నువ్వు ఇయ్యాల రెండు రోజుల పని అంటె బాగుండు. నిన్ను తిట్టుకుంటనన్న పోదును. నిమ్మళంగ పోదును."

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె గొడుగు విప్పి, రోడ్డు దాటి, బస్టాండుకు పోయే రిక్షా ఎక్కింది. వెనక్కి తిరిగి చూసిందో లేదో రిక్షా టాపు అడ్డమొచ్చి అతనికి కనపడలేదు.

వెంకట్రాజం షాపుకు వచ్చి, సంచి మేకుకు తగిలించి, సగంలో వదిలిన రేడియో ముందు కూచున్నాడు. రాయమల్లు తల తిప్పి చూశాడు.

"గప్పుడే వచ్చినవేంది? నీ పేరు చెప్పి మరీ పిలిస్తె పెద్ద పనే ఉంటదనుకున్న. ఎంతసేపు పట్టిందిరా?"

"ఐదు నిమిషాలన్నా," అన్నాడు వెంకట్రాజం.